ఖాళీ అయిన కౌన్సిల్ సీటు: అపాయింట్‌మెంటా, ఉప ఎన్నికా? ఏది మేలు?

అమెరికాలో సిటీ కౌన్సిల్ సీటు మధ్యలో ఖాళీ అయితే ఎవరో ఒకరిని నియమించాలా (అపాయింట్‌మెంట్), ఓటర్లే ఎన్నుకోవాలా అనే ప్రశ్న ఈ మధ్య పదే పదే వస్తోంది, అదీ రెండు వైపుల నుంచి. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు "మా కౌన్సిల్ మెంబర్ మధ్యలో రాజీనామా చేసి వెళ్లిపోయాడు, మిగిలిన నలుగురూ కూర్చుని ఐదోవాడిని వాళ్లే తెచ్చుకుంటున్నారు, ఇక ఓటర్లం మేమెందుకు?" అని అడుగుతున్నారు. టెక్సాస్ వాళ్లేమో "ఒక్క సీటు కోసం మళ్లీ ఎన్నికా? ఓటేసేది పిడికెడుమంది, ఖర్చు మాత్రం మన పన్నుల్లోంచే కదా" అంటున్నారు. ఎవరి దగ్గర ఏ పద్ధతి ఉంటే దాని లోపమే వాళ్లకు ముందు కనిపిస్తుంది, అది సహజం.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. సీటు నింపింది కౌన్సిలా, మేయరా అనే దాని మీదే అందరూ వాదించుకుంటారు గానీ, అలా వచ్చి కూర్చున్న మనిషి ఓటర్ల ముందుకు ఎన్నాళ్లకు రావాలి అన్నదే నా దృష్టిలో అసలు విషయం. నాలుగు నెలల్లో రావాలంటే అపాయింట్‌మెంట్‌తో నాకు పేచీ లేదు. రెండేళ్లు రానక్కర్లేదంటే మాత్రం ఎంత మంచి మనిషిని తెచ్చి కూర్చోబెట్టినా నేను ఒప్పుకోను.

ముందు ఉప ఎన్నిక సంగతి. టెక్సాస్‌లో ఇది రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది: కౌన్సిల్ పదవీకాలం రెండేళ్లకు మించి పెట్టుకున్న నగరాల్లో సీటు ఖాళీ అయితే 120 రోజుల్లోపు ఓటర్లే నింపాలి. పన్నెండు నెలలో అంతకన్నా తక్కువో మిగిలి ఉంటే వేరే పద్ధతి పెట్టుకునే వీలు 2013 సవరణతో వచ్చింది, అదీ సిటీ చార్టర్‌లో, అంటే నగరం సొంత రాజ్యాంగం లాంటి పత్రంలో, రాసుకుంటేనే. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే గెలిచినవాళ్లు ఎవరికీ రుణపడి ఉండరు. తోటి సభ్యుల ఓటుతో లోపలికొచ్చిన మనిషి మొదటి నెలలోనే ఆ సభ్యుల ప్రతిపాదనకు అడ్డం తిరగాలంటే చాలా ధైర్యం కావాలి, ఓటర్లు పంపిన మనిషికి ఆ మొహమాటం ఉండదు.

కానీ ఉప ఎన్నిక అంటే వెంటనే అయిపోతుందనుకోకండి. 2022 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో నూరీ మార్టినెజ్, తోటి సభ్యులతో మాట్లాడుతూ అన్న జాత్యహంకార మాటల ఆడియో బయటికొచ్చిన గొడవలో, ఆరో డిస్ట్రిక్ట్ (కౌన్సిల్ నియోజకవర్గం) సీటుకు రాజీనామా చేశారు. మొదటి రౌండ్ 2023 ఏప్రిల్‌లో జరిగింది, ఎవరికీ సగానికి మించి రాకపోవడంతో జూన్ ఆఖర్లో రనాఫ్, అంటే ముందున్న ఇద్దరి మధ్య రెండో పోలింగ్, పెట్టాల్సి వచ్చింది, అందులో ఇమెల్డా పాడియా గెలిచారు. ఎనిమిది నెలలకు పైగా ఆ డిస్ట్రిక్ట్ తరఫున కౌన్సిల్‌లో ఓటు వేసేవాళ్లే లేరు. కౌన్సిల్‌లోని ఒక సీనియర్ అధికారి కేర్‌టేకర్‌గా ఆఫీసు నడిపించారు, అంటే ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు, గుంత పడిందంటే రాసుకునేవాళ్లు ఉన్నారు, బడ్జెట్ మీద చెయ్యెత్తేవాళ్లు లేరు. ఆడియో గొడవ తర్వాత పాత సభ్యులు కొత్త సభ్యుణ్ణి ఎంపిక చేస్తే జనం నమ్మేవాళ్లు కాదు కాబట్టి అక్కడ ఎన్నికే సరైనదని నేనూ అంటాను, కానీ దానికి చెల్లించిన మూల్యం చిన్నదేం కాదు.

న్యూయార్క్ వాళ్లు రనాఫ్ బెడదను ర్యాంక్డ్ ఛాయిస్‌తో తప్పించారు. ఒకే బ్యాలెట్ మీద మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని వరుసగా రాయడమే, మొదటి ఇష్టం ఓడిపోతే ఓటు తర్వాతి ఇష్టానికి వెళ్తుంది కాబట్టి మళ్లీ పోలింగ్ అక్కర్లేదు. ఆ నగరంలో ఈ పద్ధతి మొదటిసారి వాడింది కూడా ఒక కౌన్సిల్ ఉప ఎన్నికలోనే, 2021 ఫిబ్రవరిలో, క్వీన్స్‌లోని 24వ డిస్ట్రిక్ట్‌లో. అయితే అదే ఏడాది జూన్‌లో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే పోలింగ్), నవంబరులో మామూలు ఎన్నిక, అంటే ఒకే సీటు కోసం ఏడాదిలో మూడుసార్లు ఓటర్లను పిలిచినట్టయింది. ఫిబ్రవరి చలిలో ఒక్క సీటు కోసం జరిగే పోలింగ్‌కు వచ్చేది ఎవరు? రోజూ రాజకీయాలు చూసేవాళ్లు, యూనియన్లు కదిలించినవాళ్లు, అభ్యర్థి చుట్టాలు స్నేహితులు. పోలింగ్ తక్కువైన చోట కూడగట్టుకున్న చిన్న గుంపే గెలుపును తేలుస్తుంది, ఉప ఎన్నిక కావాలని వాదించేవాళ్లు ఇది దాచకూడదు.

ఇక అపాయింట్‌మెంట్. దీన్ని చాలామంది గదిలో తలుపులేసుకుని చేసే పని అనుకుంటారు. కాలిఫోర్నియాలో అలా కుదరదు, బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం రహస్య ఓటింగ్ నిషేధం. సాధారణంగా ఎలా జరుగుతుందంటే, సిటీ క్లర్క్ దరఖాస్తులు పిలుస్తారు, ఒక సాయంత్రం అందరినీ వరసగా పిలిచి తలా కొద్ది నిమిషాలు మాట్లాడమంటారు, అందరికీ అవే ప్రశ్నలు, తర్వాత ప్రజలకు మైకు, ఆ తర్వాత ఒకరు పేరు ప్రతిపాదిస్తారు, క్లర్క్ ఒక్కొక్కరి పేరూ పిలిచి ఓటు అడుగుతారు. ఐదుగురి కౌన్సిల్‌లో మిగిలింది నలుగురే కాబట్టి రెండు రెండు అని ఆగిపోవచ్చు. అప్పుడు ఇంకో పేరు, మళ్లీ రోల్ కాల్, మళ్లీ రెండు రెండు. ఎవరు ఎవరి వైపో, ఎవరు ఏ పేరు దగ్గర తడబడ్డారో ప్రేక్షకుల్లో కూర్చున్న మనకు కళ్లారా కనిపిస్తుంది. మామూలు మీటింగుల్లో ఇంత తేటగా కనిపించదు. అందుకే అపాయింట్‌మెంట్‌ను ఎంత విమర్శించినా ఆ సాయంత్రం వెళ్లి చూడమనే చెబుతాను.

చార్టర్ లేని కాలిఫోర్నియా నగరాలకు రాష్ట్ర చట్టం 60 రోజులు ఇస్తుంది, ఆ లోపు అపాయింట్ చేయాలి లేదా ఎన్నిక పిలవాలి. సొంత చార్టర్ ఉన్న నగరాలకు ఎవరి రూల్ వాళ్లది. సియాటెల్ చార్టర్ అయితే ఇరవై రోజులే ఇస్తుంది.

మేయర్ ఒక్కరే పేరు చెప్పే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, కౌన్సిల్ చేసేదానికన్నా అది బలహీనం. 2025 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ ఒక సూపర్‌వైజర్ సీటుకు, అంటే అక్కడి కౌన్సిల్ సీటుకు, తెచ్చిన కొత్త ముఖం గతం గురించి వార్తలు రావడంతో వారం తిరిగేసరికి రాజీనామా చేయాల్సి వచ్చింది. పదిమంది ముందు ప్రశ్నలు అడిగి ఉంటే ఆ వార్తలు ముందే బయటపడేవి. షికాగోలోనూ మేయర్ పేరు చెబుతారు, కౌన్సిల్ ఆమోదిస్తుంది. 2022లో మేయర్ బహిరంగంగా దరఖాస్తులు పిలిచారు, అది మెరుగే, కానీ ఆ ఏడాదే ఇంకో వార్డులో దిగిపోయిన ఆల్డర్‌మన్ (అక్కడి కౌన్సిల్ సభ్యుడు) సీటుకు ఆయన సోదరినే తెచ్చారు. ఆమె 2023లో ఎన్నికల్లో గెలిచారు కూడా. సమర్థురాలు కావచ్చు, నేను కాదనను, కానీ ఎన్నికకు ముందే కుర్చీలో ఉన్నవాళ్లకూ బయటి నుంచి పోటీ చేసేవాళ్లకూ మధ్య ఉండే తేడా ఎంతో ఆలోచించండి. ప్రారంభోత్సవాల్లో ఫోటో, న్యూస్‌లెటర్‌లో పేరు, విరాళాలిచ్చేవాళ్ల పరిచయం, అన్నీ కుర్చీతోనే వస్తాయి. కాలిఫోర్నియాలో అయితే బ్యాలెట్ మీద పేరు కింద "అపాయింటెడ్ ఇన్‌కంబెంట్" (నియామకంతో ఇప్పటికే పదవిలో ఉన్నవారు) అనే మాట కూడా వస్తుంది. ఓటు వేయకముందే సగం ఓటు పడిపోయినట్టు ఉంటుంది.

ఇక్కడే నేను మొదట చెప్పిన గడువు సంగతి వస్తుంది, సియాటెల్‌లో వరసగా జరిగిన రెండు ఖాళీలు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 2023 నవంబరులో టాన్యా వూ రెండో డిస్ట్రిక్ట్‌లో టామీ మొరాలెస్ మీద కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, 2024 జనవరిలో, నగరమంతటికీ చెందిన ఇంకో సీటు ఖాళీ అయితే కౌన్సిల్ ఆమెనే అందులో కూర్చోబెట్టింది. ఓడినవాళ్లను వెనక గుమ్మం నుంచి తెచ్చారని చాలామంది మండిపడ్డారు, ఆ కోపం న్యాయమైనదే. కానీ అక్కడి రూల్ ప్రకారం అపాయింట్ అయినవాళ్లు తర్వాతి సాధారణ ఎన్నిక వరకే ఉంటారు, ఆ నవంబరులోనే ఆమె పోటీ చేయాల్సి వచ్చింది, అలెక్సిస్ మెర్సిడెస్ రింక్ చేతిలో ఓడిపోయారు. పది నెలల్లో ఓటర్లు తమకు నచ్చనిదాన్ని సరిదిద్దుకున్నారు. తర్వాత 2025 జనవరిలో మొరాలెసే రాజీనామా చేశారు, ఈసారి కౌన్సిల్ మార్క్ సాలమన్‌ను తెచ్చింది, ఆయన నేను పోటీ చేయను, ఎన్నిక వరకు చూసుకుంటానని ముందే చెప్పారు, అలాగే పోటీ చేయలేదు. నవంబరులో ఎవరికీ కుర్చీ బలం లేకుండా బరి సమానంగా ఉంది. రూల్ ఒకటే, కౌన్సిల్ దాదాపు అదే, ఒకసారి గొడవ, ఒకసారి ప్రశాంతం. కానీ రెండుసార్లూ ఓటరు ఏడాదిలోపే మాట చెప్పగలిగాడు, నాకు కావాల్సింది అదే.

పోటీ చేయనని మాటిచ్చే కేర్‌టేకర్ మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, నేనూ ఒప్పుకుంటాను: మళ్లీ ఓటు అడగక్కర్లేని మనిషికి ఓటరు భయం ఏముంటుంది? ఆ కొద్ది నెలల్లోనే జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చనే నిబంధనలు) మీదో, పోలీసు కాంట్రాక్టు మీదో పెద్ద ఓటింగ్ వస్తే ఎలా? పైగా ఆ మాట నిలబెట్టుకోవాలని చట్టం ఏమీ పట్టుబట్టదు. అయినా నేను దాన్నే ఎంచుకుంటాను. భయం లేని మనిషి పది నెలల్లో చేసే నష్టం కన్నా, కుర్చీ బలంతో గెలిచి నాలుగేసి ఏళ్ల చొప్పున ఉండిపోయే మనిషి వల్ల పోటీ మొత్తం వంకర పోవడమే పెద్ద నష్టం.

కాలిఫోర్నియా వాళ్లు జాగ్రత్తగా చూడాల్సిన చోటు ఒకటుంది. ఖాళీ పదవీకాలం మొదటి సగంలో వచ్చి, తర్వాతి సాధారణ నగర ఎన్నికకు కనీసం 130 రోజులుంటే అపాయింట్ అయినవాళ్లు ఆ ఎన్నిక వరకే. రెండో సగంలో వస్తే మిగిలిన కాలమంతా వాళ్లదే. నాలుగేళ్ల పదవిలో రెండేళ్లు దాటిన మర్నాడు రాజీనామా పడితే దాదాపు రెండేళ్లు ఎవరూ ఓటేయని మనిషి మన పన్నుల మీద, మన వీధి మీద ఓటు వేస్తారు. అంటే దిగిపోయే సభ్యుడు తారీఖు కాస్త అటూ ఇటూ జరిపి, తన సీటు నింపేది ఓటర్లా, సహచరులా అన్నది తానే తేల్చేయొచ్చు. చట్టంలో నాకు అన్నిటికన్నా కంటగింపుగా ఉన్నది ఇదే. మీ సిటీలో ఎవరైనా రాజీనామా చేస్తే ముందు ఆ తారీఖు చూడండి, కారణం తర్వాత చూడొచ్చు.

ఖర్చు మాట. అపాయింట్‌మెంటే కావాలనే సభ్యులు ముందు తీసేది ఖర్చు లెక్కే. విడిగా ఒక్క సీటుకు పోలింగ్ పెడితే ఖర్చు ఎక్కువే, నిజం. కానీ ఎలాగూ జరిగే ప్రైమరీతోనో నవంబరు ఎన్నికతోనో కలిపేస్తే బ్యాలెట్ మీద ఒక వరస పెరుగుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది, పోలింగూ పెరుగుతుంది. కాబట్టి "ఎంతవుతుంది?" అని అడిగి ఊరుకోకుండా "ఏ తారీఖుతో కలిపితే ఎంత?" అని అడగండి.

మిగతా పద్ధతులు క్లుప్తంగా. బోస్టన్‌లో అట్ లార్జ్ సీటు, అంటే నగరమంతా కలిసి ఎన్నుకునే సీటు, ఖాళీ అయితే గత ఎన్నికలో తర్వాతి స్థానంలో ఉన్నవాళ్లకు వెళ్తుంది. అలాంటి సీటులో ఉన్న అయానా ప్రెస్లీ అమెరికా కాంగ్రెస్‌కు (పార్లమెంటుకు) వెళ్లినప్పుడు 2019లో ఐదో స్థానంలో ఉన్న ఆల్థియా గ్యారిసన్‌కు అలాగే వచ్చింది. నలుగురిని ఒకేసారి ఎన్నుకునే చోట ఇది ఫరవాలేదు, ఇద్దరే పోటీపడిన డిస్ట్రిక్ట్‌లో మాత్రం ఓటర్లు వద్దన్న మనిషినే పిలిచినట్టవుతుంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో దిగిపోయిన సభ్యుణ్ణి గెలిపించిన బ్యాలెట్లనే మళ్లీ లెక్కిస్తారు, అందమైన పద్ధతి, కానీ అక్కడిలా నిష్పత్తి ప్రకారం సీట్లిచ్చే ఎన్నిక ఉంటేనే సాధ్యం. ఖాళీగా వదిలేయడం ఆఖరి కొద్ది నెలలకైతే సరే, అంతకుమించి వద్దు.

ఇప్పుడు మీ సిటీలో ఖాళీ ఉంటే ఇంటర్వ్యూల రోజు దాకా ఆగకండి. దానికి ముందు, పద్ధతి ఎలా ఉండాలో తేల్చే మీటింగ్ ఒకటి ఉంటుంది, ఎజెండాలో ఒక్క లైనుగా వస్తుంది, జనం పెద్దగా రారు. అపాయింట్‌మెంటా ఎన్నికా, ఏ తారీఖు, దరఖాస్తులో "వచ్చే ఎన్నికలో పోటీ చేస్తారా?" అనే ప్రశ్న ఉంటుందా లేదా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. ఖాళీ లేకపోతే ఇంకా మంచిది. చార్టర్ లేని కాలిఫోర్నియా నగరాలకు రాష్ట్ర చట్టమే ఒక వీలు ఇచ్చింది: ఖాళీ వస్తే ఎన్నికే పెట్టాలని, లేదా అపాయింట్ అయినవాళ్లు ఉప ఎన్నిక వరకే ఉండాలని సిటీ సొంతంగా ఆర్డినెన్స్ (నగర స్థాయి చట్టం) చేసుకోవచ్చు. మీ దగ్గర అలాంటిది ఉందో లేదో సిటీ క్లర్క్‌కు ఒక మెయిల్ పెడితే తెలుస్తుంది. లేకపోతే ఎవరి సీటూ కదలని ఈ సమయంలోనే అడగండి, ఎందుకంటే ఒకసారి రాజీనామా వచ్చాక ప్రతి సభ్యుడికీ మనసులో ఒక పేరు ఉంటుంది.