పిల్లల వైద్యంలో వీడియో కాల్: నెల్లూరు నుంచి ఒక డాక్టరు సమీక్ష

2020 లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక మొదలుపెట్టిన వీడియో వైద్యాన్ని నేను ఇప్పటికీ కొనసాగిస్తున్నాను. నెల్లూరులో పిల్లల వైద్యులం ఎక్కడ కలిసినా దీనిమీద వాదన తప్పదు. చెయ్యి వేసి చూడకుండా పసిబిడ్డకు మందు రాయడం వైద్యమే కాదని సీనియర్లు అంటారు. ఉదయగిరి, సీతారామపురం వైపు వాళ్ళను జలుబుకు కూడా వంద కిలోమీటర్లు బస్సులో రమ్మనడం ఏం న్యాయమని కుర్ర డాక్టర్లు అడుగుతారు. ఇన్నేళ్ళ వాడకంలో నాకు తేలింది వేరు. వీడియో కాల్ పనికొస్తుందా లేదా అనేది నెట్ వేగం కన్నా ఎక్కువగా, ఆ సమయంలో బిడ్డ పక్కన ఎవరున్నారు, వాళ్ళ చేతిలో ఏముంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా నన్ను పూర్తిగా ఒప్పించిన సంగతి చెబుతాను. ఫిట్స్ వచ్చిన బిడ్డ క్లినిక్‌కు చేరేసరికి హాయిగా ఆడుకుంటూ ఉంటాడు. తల్లి కంగారులో చూసింది చూసినట్టు చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఫోనులో తీసి పంపుతున్నారు. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారే బిడ్డకూ, నిజంగా ఫిట్స్ వచ్చే బిడ్డకూ తేడా ఆ అర నిమిషం వీడియోలో తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టే బిడ్డకు చాలాసార్లు రక్తహీనత చూసి ఐరన్ ఇస్తే సరిపోతుంది. ఇంకో రకం ఉంది. నెలల బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు ముడుచుకుని ఒకదాని వెంట ఒకటిగా కుదుపులు పడతాడు. ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడ్డాడనో, దిష్టి తగిలిందనో, కడుపునొప్పి అనో అనుకుంటారు. అది మూర్ఛలో ఒక తీవ్రమైన రకం. చికిత్స ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అలాంటి వీడియో ఫోనులో చూసి, అదే రోజు ఈఈజీకి, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్షకు, పంపగలిగాను. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షిస్తే నాకు ఆ కుదుపులు కనిపించేవి కావు.

ఆస్తమా పిల్లల విషయంలోనూ ఇంతే. ఇన్‌హేలర్ ఎలా వాడాలో క్లినిక్‌లో చూపిస్తే తల ఊపుతారు, ఇంటికెళ్ళాక స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అటక ఎక్కుతుంది. వీడియోలో “నా ముందే ఒకసారి ఇవ్వండమ్మా” అంటాను. మాస్కు ముఖానికి ఆనలేదనో, డబ్బాను ఊపకుండా నొక్కారనో అక్కడే కనిపిస్తుంది. మందుల సీసా కెమెరాకు దగ్గరగా పెట్టమని అడగడం కూడా నాకు అలవాటైంది. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములదీ ఉంది, 250దీ ఉంది. డ్రాప్స్ అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటాయి. పెద్దబిడ్డ సీసా తీసి చిన్నబిడ్డకు పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. “జ్వరానికి మందు వేశాం డాక్టరు గారూ” అన్న మాటకూ, ఆ సీసా మీది అక్షరాలకూ పొంతన ఉండదు.

ఇక చేతకాని పనులు. చెవి లోపల చూడలేను, పొట్ట మీద చెయ్యి వేయలేను. పసికందు పచ్చకామెర్లను వీడియోలో అంచనా వేయడం నేను మానేశాను. ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు, ఫోను మారిస్తే మరో రంగు. దగ్గు, ఆయాసం అయితే ఊపిరి లెక్క కావాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ళ లోపు 40, అంతకు తగ్గకుండా ఉంటే వేగంగా తీస్తున్నట్టే లెక్క. బొమ్మ ఆగి ఆగి వచ్చే వీడియోలో నేను లెక్కపెడితే తప్పుతుంది. చొక్కా తీసి, ఏడవని సమయం చూసి, నిండు నిమిషం తల్లినే లెక్కపెట్టమంటాను. డొక్కలు ఎగరేస్తున్నాడని ఆమె అంటే ఆసుపత్రికి బయలుదేరమంటాను. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం అన్నా అంతే, వీడియో అడగను.

అన్నిటికన్నా పెద్ద లోటు బరువు. పిల్లలకు చాలా మందులు ఒంటి బరువు కిలోల లెక్కనే. ఇంట్లో తూకం ఉండదు, అంగన్‌వాడీలో ఎప్పుడో తూచిన అంకె చెబుతారు. అందుకే నాకు నచ్చిన పద్ధతి ప్రభుత్వ ఈ-సంజీవనిది. 2019 నవంబరులో మొదలైన ఈ సేవలో బిడ్డ ఊళ్ళోని విలేజ్ క్లినిక్‌కు వస్తాడు, పక్కన శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. నేను కొంతకాలం హబ్‌లో, అంటే ఆ కాల్స్ అందుకునే డాక్టర్ల కేంద్రంలో, కూర్చుని చూశాను. బరువు తూచి, జ్వరం చూసి, ఆక్సిజన్ అంకె చెప్పి, నా మాట ఆ తల్లికి అర్థమయ్యేలా మళ్ళీ చెప్పే మనిషి అక్కడ ఉన్నప్పుడు నా భయం సగం తగ్గేది. వెలిగొండల అడుగున ఇంటి నుంచి ఒంటరిగా కాల్ చేసే తల్లికి ఆ సాయం లేదు.

ప్రైవేటు యాప్ ఒకటి కూడా వాడాను, పేరు అవసరం లేదు. రోగికి ఇచ్చిన సమయం అయిపోగానే కాల్ తెగిపోయేది, పాత చీటీలు కనిపించేవి కావు, ఎన్నడూ చూడని బిడ్డకు వెంటనే యాంటీబయాటిక్ రాయాలని తల్లిదండ్రులు ఆశించేవారు. మానుకున్నాను.

నియమాల సంగతీ చెప్పాలి. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చేదాకా ఫోనులో మందు రాయడం సరైనదో కాదో మాకే తెలియదు. పదహారేళ్ళ లోపు వారికి పక్కన పెద్దవారు ఉంటేనే చూడాలని, ఏ మందులు మొదటి కాల్‌లో రాయవచ్చో, ఏవి అసలు రాయకూడదో అందులో ఉంది. రుసుము తీసుకోవచ్చని కూడా ఉంది. దీనికే ఎక్కువ ఇబ్బంది. ఎదురుగా చూస్తే ఇచ్చే ఫీజు ఫోనుకు ఇవ్వడానికి మనవాళ్ళకు మనసొప్పదు, అడగడానికి మా వాళ్ళకు నోరు రాదు. రాత్రి పన్నెండుకు ఉచితంగా పది కాల్స్ మాట్లాడిన డాక్టరు ఏడాది తిరగకుండా ఫోను కట్టేస్తాడు. విసిగి మానేసిన వాళ్ళలో చాలామంది వీడియో మీద నమ్మకం పోయి మానలేదు, విశ్రాంతి లేక మానారు.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయినప్పుడు, అవతలి ఒడ్డు పిల్లలను ఫోనులోనే చూశాను. వాంతులు, విరేచనాలతో ఉన్నవాడికి ఓఆర్ఎస్ ఎన్ని చెంచాలు పట్టాలో చెప్పడానికి, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడో, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయో అడగడానికి వీడియో చాలు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. కనీసం ఒకసారి నా చేతులతో పరీక్షించిన పిల్లలనే వీడియోలో చూస్తాను. మధ్యాహ్నం ఒక గంట దానికే కేటాయించాను, క్లినిక్ ఫీజులో సగం తీసుకుంటాను, చీటీ రాసి ఫోటో పంపుతాను. దూరపు ఊళ్ళవారిని కాల్‌కు ముందు విలేజ్ క్లినిక్‌లో బరువు తూయించుకుని, ఆ అంకె కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోమంటున్నాను.