మైనస్ 18 అన్నారు, మైనస్ 5కే వణికిపోయాం

స్లీపింగ్ బ్యాగులు అద్దెకిచ్చినతను "మైనస్ 18 దాకా ఢోకా లేదు సార్" అన్నాడు. సంచి మీద కూడా పెద్ద అంకెల్లో అదే ఉంది. ఆ రాత్రి కొండ మీద టెంట్లో థర్మామీటర్ మైనస్ 5 చూపిస్తుంటే నాకూ మా బావకీ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. టార్చి వేసి లోపల కుట్టిన చీటీ చదివితే అసలు సంగతి బయటపడింది: కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) 3, లిమిట్ (ముడుచుకుంటే ఎలాగోలా నిద్రపట్టే చలి) మైనస్ 2, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 18. ఈ మూడోది నిద్రపోయే లెక్క కాదు, ఓ ఆరు గంటలు ప్రాణం నిలిచే లెక్క. దాన్ని చూపించి అద్దె గుంజడం పచ్చి మోసం. బావ తెల్లారేదాకా నోరు విప్పలేదు.

సంచి ఎవరిచ్చినా సరే, చీటీలో కంఫర్ట్ అంకె చూడకుండా తీసుకోకండి. అది అక్కడి రాత్రి చలికంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉండాలి. కింద ఊళ్లో వాతావరణం చూసి లెక్కేయొద్దు, వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది.

మమ్మల్ని ఆదుకుంది మడతపెట్టే ఫోమ్ చాప. మన బరువుకి సంచి అడుగుభాగం అణిగిపోయి, నేల చలి నేరుగా వీపుకి తగులుతుంది. గాలి మ్యాట్ కింద ఆ చాప పరిచాక వీపు కుదుటపడింది. రెండింటి ఆర్-వ్యాల్యూలూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెలు) కలుస్తాయి. 2కి 2 చేరితే 4. చలికాలం వెళ్లేవాళ్లు బరువని దీన్ని వదిలేయకండి.

ఎండాకాలం ట్రిప్ హాయిగా గడిచిపోయింది, పల్చటి పొడుగు చేతుల చొక్కా, టోపీ చాలు.

వానాకాలానిది వేరే గొడవ. బావ జీన్స్ మొదటి గంటలోనే నానిపోయింది, మర్నాటికీ ఆరలేదు, ఆయన చిరాకూ తగ్గలేదు. తడిలో, చలిలో కాటన్ వద్దే వద్దు. పాలియెస్టరో, మెరీనో ఉన్నో వేసుకోండి. ఈకల జాకెట్ తడిస్తే ఉండకట్టి వెచ్చదనం పోతుంది, సింథటిక్‌ది కొంతైనా కాస్తుంది. బ్యాగుకి రెయిన్ కవర్ ఒక్కటే వేస్తే వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, పొడిబట్టలు అందులో కట్టేయండి.

ఇంకొకటి, గడ్డకట్టే చలిలో ఉత్త బ్యూటేన్ గ్యాస్ డబ్బా పనిచేయదు. ప్రొపేన్ కలిసినదే కొనండి. వాడిన వాటర్ ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోండి. లోపలి తడి గడ్డకడితే సన్న గొట్టాలు చిట్లుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు.