పాత ఇత్తడి కిలో లెక్కన కొంటే: ఆరేళ్లు వాడాక నా అనుభవం

2019లో నల్లగొండలో ఒక పాత సామాన్ల దుకాణంలో మూడు ఇత్తడి సామాన్లు కొన్నాం: నీళ్లు కాగబెట్టే కాగు, బిందె, వంటకు గుండిగ. ఆరేళ్లుగా వాడుతున్నాం కాబట్టి ఏది గిట్టిందో, ఏది ముంచిందో ఇప్పుడు చెప్పగలను.

కాగు తొమ్మిది కిలోలు తూగింది. కిలో 380 చొప్పున ఇచ్చి సంతోషంగా ఆటోలో వేసుకొచ్చాను. ఇంటికొచ్చి లోపల గోకితే అన్నీ తెల్లటి పెచ్చులే. మన దిక్కు బోరునీళ్లు ఏళ్ల తరబడి కాగబెడితే అడుగున సున్నం ఎట్లా కడుతుందో మీకు తెలిసిందే కదా, నిమ్మఉప్పు పోసి రెండు రాత్రులు నానబెట్టి తీస్తే ముప్పావు కిలో వచ్చింది, అంటే 285 రూపాయలు పెట్టి సున్నం కొన్నానన్నమాట! అత్తమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. కాగు మాత్రం బంగారంలా పనిచేస్తోంది.

అసలు దెబ్బ బిందెతో తగిలింది. అంచు మడతలో ఇనుప తీగ ఉంటుందని నాకు తెలియదు. అయస్కాంతం పెడితే ఠక్కున అంటుకుంటుంది, ఆ తీగ బరువు కూడా ఇత్తడి రేటుకే పడుతుంది. అడుగున చిల్లు పూడ్చిన అతుకు, అంటే మాటు పెట్టి ఉంది, అదీ చూసుకోలేదు. ఇవి పోనీ అనుకుంటే రెండేళ్లకు మెడ దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి. మేం దాన్ని బర్రెల కొట్టంలో కుడితికి వాడాం. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తగిలితే, సాగగొట్టి చేసిన ఇత్తడి అట్లాగే పగులుతుందట. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రాల సాలల దగ్గర పెట్టిన తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలు కూడా వానాకాలంలో ఇట్లాగే పగిలాయని తర్వాత చదివాను. అందుకే ఇప్పుడు మెడను వెలుతురుకు పెట్టి చూడకుండా ఏ బిందెకూ బేరం మొదలుపెట్టను. తోమినా పోని ఎర్రటి మచ్చలున్నా వదిలేస్తాను, అక్కడ జింకు పోయి రాగి మిగిలిందని అర్థం. ఇంకో మాట, ఇత్తడి బిందెలో నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవరన్నా అంటే నమ్మకండి.

గుండిగకు కిలో 450 అడిగితే అత్తమ్మ గొణిగింది. కానీ మందంగా ఉంది, పొట్ట మీద బొటనవేలితో నొక్కితే కదల్లేదు, మాటు లేదు. లోపల వేసే తగరం పూత, అంటే కళాయి మాత్రం అరిగిపోయింది, దాని ఖర్చు ధరలో తగ్గించమంటే వంద తగ్గించాడు. కళాయి లేకుండా పులుసు వండితే చిలుము పడుతుంది కాబట్టి అది తప్పని ఖర్చే. మూడింటిలో చౌకగా పడింది ఇదే.

మొన్న పగిలిన బిందెను అదే దుకాణానికి తీసుకెళ్లాను. సేటు మొదట అయస్కాంతం తీశాడు. తీగకు 300 గ్రాములు, మాటుకు ఇంకో వంద కోసి అప్పుడు లెక్క కట్టాడు.

"సేటూ, అమ్మేటప్పుడు ఈ అయస్కాంతం ఎక్కడుండె?" అన్నాను. నవ్వి చాయ్ తెప్పించాడు.