వేసవి మధ్యాహ్నాలు: పిల్లల చేతికి ఫోనా, గవ్వలా?

తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా సాగుతాయి. సరిగ్గా ఎండలు మండిపోయే రోజులే అవి. మైదాన ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా నమోదైనా, లేదా ఏకంగా 45 డిగ్రీలను తాకినా వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో పిల్లలను పెంచేవారికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఎండలోకి వెళ్లవద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తారు గానీ, చాలా ఇళ్లలో పదకొండు కాకముందే తలుపులు మూసేస్తారు, అయిదు దాటితే గానీ తెరవరు. ఆ ఆరు గంటలూ, నెలన్నర రోజుల పాటు, ఇంట్లో పిల్లలకు ఏం తోచాలన్నదే ప్రశ్న.

దీనికి ఇళ్లలో ప్రధానంగా నాలుగు జవాబులు కనిపిస్తాయి. ఒకటి ఫోనూ టీవీ. రెండోది దుకాణంలో కొన్న ఆటవస్తువులు. మూడోది అష్టాచెమ్మ, పులి-మేక వంటి నేల మీది ఆటలు. నాలుగోది ఇంటి పనుల్లో పిల్లలను కలుపుకోవడం. వీటిలో ఏది మేలో తేల్చడానికి ముందు దేన్ని బట్టి తేలుస్తున్నామో చెప్పుకోవాలి. పిల్లలను కదలకుండా ఎంతసేపు కూర్చోబెడుతుంది అన్నదే కొలమానమైతే ఫోన్‌ను మించింది లేదు, చర్చ అక్కడితో ముగిసిపోతుంది. నా దృష్టిలో చూడవలసింది ఆ కాలక్షేపం ముగిసిన పావుగంటకు పిల్లలు ఎలా ఉన్నారన్నది. చిరాకుపడుతూ మళ్లీ అదే కావాలని మారాం చేస్తున్నారా, లేక తమంతట తాము ఇంకో పనిలో పడ్డారా? దానితో పాటు పెద్దవాళ్ల సమయం ఎంత పడుతుంది, వయసు తేడా ఉన్న పిల్లలు కలిసి ఆడగలరా, కరెంటు పోతే ఏమవుతుంది అన్నవి కూడా లెక్కలోకి రావాలి.

ముందుగా ఫోన్ సంగతి. దాన్ని పిల్లలకు ఇచ్చే తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువే గానీ న్యాయం కాదు. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠమే తెర మీదికి వచ్చింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ల ద్వారా తరగతులు నడిచాయి. ప్రైవేటు బడుల పిల్లలకు చేతిలో ఫోన్ లేనిదే చదువే లేదన్న పరిస్థితి వచ్చింది. అలా చదువు పేరుతో చేతికొచ్చిన వస్తువు చదువు అయిపోయాక వెనక్కి పోలేదు. పైగా ఇంట్లో ఒంటరిగా వంట చేసుకుంటున్న తల్లికి, గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్న తండ్రికి అది ఇచ్చే అరగంట తెరిపి నిజమైనదే. జ్వరంతో పడుకున్న పిల్లవాడికి, దూరాన ఉన్న అమ్మమ్మతో మాట్లాడాలనుకునే పిల్లకు ఫోన్ చేసే మేలు ఇంకేదీ చేయలేదు.

అయితే హద్దు ఎక్కడన్నది పిల్లల వైద్యులు స్పష్టంగానే చెప్పారు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దు, రెండు నుంచి అయిదేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, అయిదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల గురించి చెప్పినదీ దాదాపు ఇదే. ఆరు గంటల మధ్యాహ్నాన్ని ఫోన్‌తోనే నింపితే ఈ హద్దు మూడింతలు దాటిపోతుందన్నమాట. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఫోన్‌లో వీడియోకు ముగింపు లేకపోవడం. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది, కాబట్టి ఆపవలసిన చోటు పిల్లలకు కనిపించదు. ప్రతిసారీ ఆ ఆపడమనే పని పెద్దవాళ్ల మీదే పడి, ప్రతిసారీ ఏడుపుతోనే ముగుస్తుంది. ఈ విషయంలో ఫోన్‌నూ టీవీనీ ఒకే గాటన కట్టకూడదు. టీవీ దూరంగా ఉంటుంది, నలుగురూ కలిసి చూస్తారు, చూసినదాని గురించి మాట్లాడుకుంటారు, అనుకున్న సినిమా అయిపోగానే కట్టేయవచ్చు. తెర తప్పదనుకున్న రోజున ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోన్ కంటే హాల్లో అందరికీ కలిపి ఒక టీవీ ఎంతో నయం.

దుకాణం బొమ్మల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రిమోట్ కార్లు, బ్యాటరీ బొమ్మలు కొన్న వారంలోనే మూలకు చేరతాయి, ఎందుకంటే వాటితో చేయగలిగింది ఒక్కటే ఉంటుంది, అది రెండు రోజుల్లో తెలిసిపోతుంది. వీటికి మినహాయింపులు మూడు: క్యారమ్ బోర్డు, చదరంగం, ముక్కలు కలిపి రకరకాలుగా కట్టుకునే బొమ్మలు. క్యారమ్ బోర్డు ఒకసారి కొంటే పదేళ్లు ఉంటుంది, పదేళ్ల పిల్లవాడూ అరవై ఏళ్ల తాతా సమానంగా ఆడగలరు. అయితే దాని మీద చల్లే పొడి చాలావరకు బోరిక్ పౌడరే కాబట్టి చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు, ఆట అయ్యాక పెద్ద పిల్లలతోనూ చేతులు కడిగించాలి.

ఇక నేల మీది ఆటలు. వీటి గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు వీటి పేర్లు గుర్తున్నాయి గానీ ఆడే తీరు మరపున పడింది. అష్టాచెమ్మకు కావలసినది సుద్దముక్క, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. గచ్చు మీద అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు చొప్పున ఇరవై అయిదు గడులు గీసి, నాలుగు వైపులా మధ్య గడిలో, నట్టనడిమి గడిలో ఇంటు గుర్తు వేస్తే ఆటకు రంగం సిద్ధం. గవ్వలు లేకపోతే బాధ లేదు. చింతపండు గింజలు తీసినప్పుడు పక్కన పెట్టిన చింతపిక్కలను గరుకు బండ మీద ఒక పక్క తెల్లగా వచ్చేదాకా అరగదీస్తే సరిపోతుంది. పిల్లలకు ఆ అరగదీయడమే గంటసేపటి పని, అందులో వారికి కలిగే శ్రద్ధ చూసి తీరవలసిందే. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడినా ఇంకో పందెం వేయవచ్చు. కాయ బయటి వరుస చుట్టూ ఒక దిశలో తిరిగి, లోపలి వరుసలో ఎదురు దిశలో తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. ఎదుటివారి కాయను కనీసం ఒకదాన్నైనా చంపనిదే లోపలి వరుసలోకి వెళ్లకూడదన్నది చాలా ఊళ్లలో ఉన్న నియమం. చిన్న చిన్న మార్పులు ఊరికో తీరుగా ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లు ఆడిన తీరునే పాటించడం ఉత్తమం.

ఇంత సాదా ఆటలో ఏముందని అనిపించవచ్చు. మూడు పడిందనుకోండి. తన నాలుగు కాయల్లో ఏది జరపాలి? పండబోతున్నదాన్నా, ఎదుటివారి చేతిలో చావబోతున్నదాన్నా, లేక అన్నయ్య కాయను చంపే అవకాశమున్నదాన్నా? ఏడేళ్ల పిల్ల గడుల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ, తర్వాతి పందెంలో ఏం పడితే ఏమవుతుందో ఊహించుకుంటూ నిర్ణయం తీసుకుంటుంది, దాని ఫలితం వెంటనే చూస్తుంది. వీడియో చూస్తున్నంతసేపూ ఆ పిల్ల తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ ఉండదు. పందెం అదృష్టం మీద కొంతైనా ఆధారపడటం వల్ల చిన్నవాళ్లు పెద్దవాళ్లను ఓడించే వీలు ప్రతి ఆటలోనూ ఉంటుంది, అందుకే వయసు తేడా ఉన్న ఇంట్లో చదరంగం కంటే ఇది బాగా సాగుతుంది.

పులి-మేకలో అదృష్టానికి చోటు లేదు. ఇరవై మూడు కూడళ్లున్న త్రికోణపు గీత మీద ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ చోటుకు దూకితే మేక పోతుంది. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టడి చేస్తే మేకల పక్షం గెలుస్తుంది. పాత గుళ్ల మండపాల బండల మీద ఈ గీతలు చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు. పదేళ్లు దాటిన పిల్లలకు, ముఖ్యంగా చదరంగం పలకను కొనలేని ఇళ్లకు, నేను మొదట సూచించేది ఇదే. వామనగుంటలు మరీ చిన్నవాళ్లకు కూడా అందుతుంది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, ఒక గుంటలోని గింజలన్నీ తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట తగిలితే దాని అవతలి గుంటలోవి సొంతం చేసుకోవడం. కూడికలంటే బెదిరే పిల్లలు ఇందులో తెలియకుండానే లెక్కలు చేసేస్తారు. చెక్కపీట లేకపోతే కోడిగుడ్ల అట్టలు కత్తిరించి పద్నాలుగు గుంటలు చేసుకోవచ్చు.

ఈ ఆటలకూ లోపాలున్నాయి. మొదటిది, రెండో మనిషి కావాలి. రెండోది, పేచీలు. గవ్వ పక్కకు ఒరిగి పడితే అది వెల్లకిలా, బోర్లా అన్న దగ్గర మొదలై, నువ్వు తొండి చేశావంటే నువ్వు తొండి చేశావని ఇల్లు పీకి పందిరేస్తారు. మధ్యాహ్నం కునుకు తీయాలనుకునే పెద్దలకు ఇది కష్టమే. అయినా ఆ పేచీలో వారే ఒక ఒప్పందానికి రావడం, మళ్లీ పందెం వేయడం జరుగుతుంది కాబట్టి, కొట్టుకునేదాకా వస్తే తప్ప పెద్దలు జోక్యం చేసుకోకపోవడమే మంచిది. మూడోది మాత్రం తేలిగ్గా తీసుకోకూడని విషయం: మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో చింతపిక్కలు, గవ్వలు నోట్లోకో ముక్కులోకో పోయే ప్రమాదం ఉంది. వామనగుంటలకు ఎర్రగా ముచ్చటగా ఉంటాయని గురివింద గింజలు వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వాటిలో తీవ్రమైన విషం ఉంటుంది, నమిలితే ప్రాణాల మీదికి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో అవి ఉండనే కూడదు.

నాలుగో జవాబు ఇంటి పని. దీన్ని వినోదమని ఎవరూ అనుకోరు గానీ, వేసవిలో మన ఇళ్లలో జరిగే పనులు పిల్లలకు ఆటల కంటే తక్కువేమీ కావు. ఆవకాయ పెట్టే రోజునే చూడండి. మార్కెట్లో కొట్టించుకొచ్చిన మామిడి ముక్కల్లోంచి జీడి తీసేయాలి, టెంకకు అంటుకున్న కాగితం లాంటి పొరను గీకేయాలి, ఒక్కో ముక్కను పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే బూజు పడుతుందని ఒక్కసారి చెబితే చాలు, ఆరేళ్ల పిల్లవాడు కూడా ఎంతో బాధ్యతగా తుడుస్తాడు, మధ్యలో రెండు ముక్కలు ఉప్పు అద్దుకుని తింటాడు. కారం, ఆవపిండి కలిపే దగ్గరికి మాత్రం పిల్లలను రానివ్వకూడదు. వేరుశనక్కాయలు వలవడం, పప్పులో రాళ్లు ఏరడం, చపాతీ పిండితో బొమ్మలు చేయడం కూడా ఈ కోవలోవే. దీనిలోని గొప్ప సుగుణం ఏమిటంటే పెద్దవాళ్లు తమ పని ఆపుకుని పిల్లలను ఆడించనక్కర్లేదు. లోపం ఏమిటంటే ఆ పని రెట్టింపు సమయం తీసుకుంటుంది, సగం పిండి నేల మీద ఉంటుంది, తొందర ఉన్న రోజున ఇది కుదరదు.

ఈ నాలుగింటిలో ఏదీ తీర్చలేని లోటు ఒకటుంది. అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున గంటసేపైనా ఒంటికి శ్రమ కలిగే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బయటి వెలుతురులో గడపకుండా ఎప్పుడూ దగ్గరి వస్తువులనే చూసే పిల్లలకు దూరపు చూపు మందగించే అవకాశం ఎక్కువ. అష్టాచెమ్మ ఎంత మంచిదైనా కూర్చుని ఆడేదే. కాబట్టి ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు మేడ మీదనో వీధిలోనో తొక్కుడుబిళ్ల, పరుగులు, సైకిలు అయిపోవాలి. సెలవుల్లో పిల్లలను ఎనిమిదింటి దాకా పడుకోనిస్తే ఆ రోజుకు దొరికే చల్లని వేళ పోయినట్టే. మధ్యాహ్నం ఇంట్లో దాగుడుమూతలకు చోటుంటే మంచిదే, అపార్టుమెంటులో కింది అంతస్తువారి నిద్ర చెడకుండా మాత్రం చూసుకోవాలి.

ఇప్పుడు తీర్పు. ఆరేళ్లు దాటిన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంట్లో నేల మీది ఆటలకే నా ఓటు, అందులోనూ అష్టాచెమ్మకు మొదటి స్థానం. రూపాయి ఖర్చు లేదు, కరెంటు పోయినా ఆగదు, ఆట అయిపోతుంది కాబట్టి ఆపమని చెప్పవలసిన పని ఉండదు. మూడు నుంచి ఆరేళ్ల వయసుకు వంటింటి పనే మేలు, గింజలు లేని చపాతీ పిండే వారికి సరైన బొమ్మ. ఒక్కరే సంతానమై, తల్లిదండ్రులిద్దరూ పనిలో ఉన్న ఇంట్లో చిక్కు ఎక్కువ. అక్కడ తెరను పూర్తిగా తప్పించాలనడం మాటల్లోనే కుదురుతుంది. భోజనం తర్వాత ఒక సినిమా అని ముందే చెప్పి టీవీలో పెట్టడం, మిగతా సమయానికి బొమ్మలు గీయడం, చింతపిక్కలు అరగదీయడం వంటి ఒంటరిగా చేయగల చేతిపనులు ఇవ్వడం, పని ముగిశాక తల్లో తండ్రో ఒక్క ఆటకైనా నేల మీద కూర్చోవడం సాధ్యమైనంత మేలైన మార్గం. ఊళ్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వీడియో కాల్‌లో కూడా అష్టాచెమ్మ ఆడవచ్చు. రెండు చోట్లా గడులు గీసుకుని, ఎవరి పందెం వారు వేసి, రెండు బోర్డుల మీదా కాయలు జరుపుకుంటే చాలు. అలా వాడిన ఫోన్ సమయాన్ని నేను తెర లెక్కలో వేయను.