ఐచి ఈ11ఏ: ఓపికే బలమైన రాత్రి వేగు

గరిష్ఠ వేగం గంటకు 217 కిలోమీటర్లు. 1938లో జపాన్ నౌకాదళంలో చేరిన, నీటి మీద దిగే ఈ విమానానికి ఇంతేనా అనిపిస్తుంది. అయితే జపాన్ వాళ్లు దీన్ని తయారు చేసింది పరుగు పందేనికి కాదు. చీకట్లో శత్రు నౌకల వెనకే ఉంటూ, అవి ఎటు మళ్లాయో వైర్‌లెస్‌లో తమ డిస్ట్రాయర్లకు, అంటే వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకలకు, చెప్పడం దీని పని. 1922 వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల్లో అమెరికా, బ్రిటన్‌లకు చెరో 5 వాటాలిచ్చి జపాన్‌కు 3 మాత్రమే మిగిల్చింది. ఆ లోటును రాత్రి టార్పెడో (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) దాడులతో పూడ్చుకోవాలన్నది వాళ్ల ఎత్తుగడ. ఓడ ఎంత జోరుగా వెళ్లినా గంటకు 60 కి.మీ. దాటడం అరుదు. దాని వెంటపడడానికి కావలసింది ఓపిక. గంటకు సుమారు 130 కి.మీ.తో పోతే ఇది 1,900 కి.మీ. పైచిలుకు, అంటే దాదాపు పదిహేను గంటలు గాలిలో ఉండగలదు.

కింద పడవ ఆకారపు ఒడలు, పైన రెండంతస్తుల రెక్కలు, వాటి మధ్య ఇంజన్. ప్రొపెల్లర్ వెనక్కి తిరిగి ఉంటుంది. ముక్కు దగ్గర కూర్చున్నవాడికి ముందు అడ్డేమీ ఉండదు, ఎగ్జాస్ట్ మంట కళ్లలో పడదు. రాత్రి చూపుకి ఇంతకన్నా ఏం కావాలి! హిరో 91 ఇంజన్‌లో మూడు వరసల్లో 12 సిలిండర్లు, నీటితో చల్లబరిచే రకం, 620 అశ్వశక్తి. నిండుగా 3.3 టన్నులు తూగే విమానానికి అది బొటాబొటి. 14.49 మీటర్ల రెక్కలు వెనక్కి మడిచి క్రూయిజర్ రకం యుద్ధనౌక మీద సర్దుకోవచ్చు. ముక్కులోని 7.7 మి.మీ. తుపాకీ ఒక్కటే ఆయుధం, అదీ ధైర్యం కోసమే.

ఈ అమరికకు ఒక చిక్కుంది. ఇంజన్ అంత ఎత్తున ఉంటే థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే మీట) తోసినప్పుడు ముక్కు కిందికి వాలుతుంది. రాత్రి దిగేటప్పుడు నీళ్లు అద్దంలా ఉంటే ఎత్తు అంచనాకు అందదు. కంగారుపడి పూర్తి పవర్ ఇస్తే, ముక్కు లేవాల్సిన క్షణంలోనే దిగబడుతుంది. ముక్కును ఎత్తే స్టిక్కు వెనక్కి లాగుతూనే థ్రాటిల్ తోయాలి. అసలు మేలైన పద్ధతి, నీటిని వెతకడం మానేసి, కొంచెం పవర్ ఉంచి, ముక్కు కాస్త ఎత్తి, వేగం మారకుండా, అడుగు తగిలేదాకా నెమ్మదిగా దిగడం. ఇంకొకటి: కాక్‌పిట్‌లోంచి మ్యాపో, టోపీయో ఎగిరిపోతే నేరుగా ప్రొపెల్లర్‌లోకే.

పోటీకొచ్చిన కవానిషి కంపెనీ విమానం ఈ11కే చూడ్డానికి దీనికన్నా ఆధునికం. ఒంటి రెక్క, నీటి మీద ఒరగకుండా కాసే, పైకి ముడుచుకునే ఫ్లోట్లు. కానీ ఇంజన్ సరిగా చల్లబడలేదు, అదుపు కుదరలేదు. రెండే తయారై రవాణాకు మళ్లాయి. పాతకాలపు ఐచినే గెలిచింది, నా లెక్కలో సరైన తీర్పే.

మరి లోపం? ఒక్క పనికే పుట్టడం. ఇదే పనికి ముందు వచ్చిన ఈ10ఏ విమానాలు 15, ఈ11ఏలు 17 మాత్రమే తయారయ్యాయి. తర్వాత అదే ఐచి కంపెనీ తెచ్చిన ఈ13ఏ గంటకు 377 కి.మీ. వేగంతో, దాదాపు ఇంతే సేపు ఎగిరింది, పగలూ పనికొచ్చింది. అది వచ్చాక ఈ11ఏలకు సామాన్లూ మనుషులూ చేరవేసే పనే మిగిలింది.