ర్యామ్ పెంచాక స్పీడు టెస్టు చెప్పిందీ, చెప్పనిదీ

నాది ఫ్లెక్సీ డిజైన్ల పని. ఫోటోషాప్‌లో ఇరవై అడుగుల బ్యానరు తెరిచి, పక్కన వాట్సాప్ పెట్టుకున్నానంటే ల్యాప్‌టాప్ మూలిగేది. ఐ5-10210యు ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ స్టిక్కు (డీడీఆర్4 రకం) ఒక్కటే, రెండో స్లాటు ఖాళీ. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎప్పుడు చూసినా 92, 93 శాతమే. ఏడాదిన్నర కిందట ఇంకో 8 జీబీ కొని వేశాను.

పాతదాని స్పీడు 2666, కొత్తదానిది 3200. "3200 అండీ, స్పీడు అదిరిపోద్ది" అన్నాడు షాపతను. తీరా వేశాక టాస్క్ మేనేజర్ 2667 అని చూపించింది. నన్ను ముంచేశాడనే అనుకున్నాను. ఆ మాటకొస్తే అతని తప్పేం లేదు. రెండు స్టిక్కుల స్పీడు వేరైతే రెండూ నెమ్మది దాని నడకే నడుస్తాయి. పైగా ఈ ప్రాసెసరు డీడీఆర్4ని 2666 దాటనివ్వదు, రెండూ 3200వే వేసినా అంతే. ప్రాసెసరు, ర్యామ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో 1333 అని చూసి మళ్లీ గుండె జారింది. అదీ మామూలేనట. డీడీఆర్‌లో క్లాకు ఒకసారి కొట్టుకుంటే డేటా రెండుసార్లు కదులుతుంది, కాబట్టి 1333కి రెట్టింపు లెక్కేసుకోవాలి.

బిగించడం పది నిమిషాల పని. స్టిక్కు మీది గాటు స్లాటులోని మిట్టకి సరిపోయేలా ఏటవాలుగా దూర్చి, రెండు పక్కల క్లిప్పులు టిక్కుమనేదాకా కిందికి నొక్కాలి. కాకపోతే మొదటిసారి ఆన్ చేసినప్పుడు దాదాపు నిమిషం పాటు నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కొత్త ర్యామ్‌ని బోర్డు సరిచూసుకునే సమయం అది, కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి.

స్పీడు కొలవడానికి విండోస్‌లోనే ఉన్న విన్‌శాట్ వాడాను. ఛార్జరు పెట్టి, బ్రౌజరు మూసేసి, మూడేసి సార్లు. కాగితం మీద ఒక ఛానెల్‌కి (ర్యామ్‌కీ ప్రాసెసరుకీ మధ్య డేటా నడిచే దారి) సెకనుకి 21.3 జీబీ, రెండింటికి 42.6. నాకు ముందు 17 దగ్గర వచ్చింది, తర్వాత 28 దాటింది. ఆ అంకె ఫోటో తీసి తమ్ముడికి పంపాను కూడా. నిజం చెప్పాలంటే పనిలో తెలిసింది ఈ స్పీడు కాదు, చోటు. బ్యానరు సేవ్ అవుతుండగా మౌసు బిగుసుకుపోవడం ఆగింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, గ్రాఫిక్స్ కూడా ఈ మెమరీనే వాడుకుంటుంది కాబట్టి జూమ్ చేసి జరిపేటప్పుడు కాస్త తేలికైంది.

అసలు కథ మూడో వారంలో మొదలైంది. ఫోటోషాప్ చెప్పాపెట్టకుండా మూసుకుపోవడం, రెండుసార్లు విండోస్ కుప్పకూలి నీలి తెర. షాపులో అడిగితే విండోస్ మళ్లీ వేయించుకోమన్నారు. వేయించాను, డబ్బు దండగ. విన్‌శాట్ మాత్రం అదే 28 చూపిస్తూ నవ్వుతోంది! చివరికి ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాముని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు నడిపించాను. పొద్దున లేచి చూస్తే తెర మీద తప్పులు చూపే ఎర్ర గీతలు. ఏ స్టిక్కుకా స్టిక్కు విడిగా పెట్టి, ఒకే స్లాటులో మళ్లీ నడిపాను. పాతది శుభ్రంగా నాలుగు పాస్‌లూ (పరీక్ష విడతలు) దాటింది. కొత్తది గంటలోపే దొరికిపోయింది. ఎంత వేగంగా చదువుతోందో చెప్పే టెస్టు, చదివింది సరిగ్గా ఉందో లేదో చెప్పదని అప్పుడు బుర్రకెక్కింది.

తెర ఫోటో చూపించాక షాపువాళ్లు మారు మాట్లాడకుండా తీసుకున్నారు. వారంటీలో మార్చి ఇవ్వడానికి పన్నెండు రోజులు పట్టింది. పెళ్లిళ్ల సీజన్లో పన్నెండు రోజులు పాత 8 జీబీతోనే ఈడ్చాను. మార్చి ఇచ్చిన స్టిక్కుకి మాత్రం ఆ రాత్రే మెమ్‌టెస్ట్ పెట్టాను, విన్‌శాట్ ముట్టుకున్నది మర్నాడు.

అప్పట్నుంచి ఒక్క నీలి తెర కూడా రాలేదు. మామూలు రోజున మెమరీ 60 శాతం దగ్గర ఉంటోంది, రెండు పెద్ద బ్యానర్లు ఒకేసారి తెరిస్తే 85. మీరూ వేయించుకుందామనుకుంటే ముందు వెనక మూత తీసి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాటే ఉండదు.