మల్హాలండ్ డ్రైవ్, సినెక్డకీ న్యూయార్క్: మళ్లీ చూడటానికి ఏది మేలు?

"అన్నా, ఈ రెండు సినిమాల్లో ఒకటే చూసే టైముంది, ఏది చూడమంటావు?" అని చిత్తూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఒక్కసారి చూస్తే రెండూ సగమే అందుతాయి రా, మళ్లీ చూసే ఓపికుంటేనే మొదలుపెట్టు అన్నాను.

డేవిడ్ లించ్ మల్హాలండ్ డ్రైవ్ (2001) మొదట టీవీ సీరియల్ కోసం తీసిన పైలట్, అంటే ఛానెల్‌కి చూపించే నమూనా ఎపిసోడ్. ఛానెల్ వద్దనేసరికి ఫ్రెంచ్ వాళ్ల డబ్బుతో ఇంకొంత తీసి సినిమాగా మలిచాడు. నీలం పెట్టె తెరిచాక కథంతా తలకిందులవుతుంది. దీన్ని మర్నాడే మళ్లీ చూడాలి. గుర్తులు పచ్చిగా ఉంటేనే, మొదట్లో కెమెరా ఎర్ర దిండులోకి ఎందుకు దిగిపోయిందో తెలుస్తుంది. క్లబ్ సిలెన్సియోలో గాయని కుప్పకూలుతుంది, పాట మాత్రం ఆగదు. ముందే తెలిసి చూసినా ఒళ్లు జలదరించింది. 2016లో బీబీసీ విమర్శకులతో వేయించిన ఓట్లలో ఈ శతాబ్దపు సినిమాల్లో దీనిదే మొదటి స్థానం, సినెక్డకీది 20.

అయినా నా ఓటు సినెక్డకీకే. చార్లీ కాఫ్‌మన్ దర్శకుడిగా తీసిన మొదటి సినిమా, 2008లో వచ్చింది. ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ వేసిన కేడెన్ నాటకాల దర్శకుడు. పెద్ద గ్రాంటు చేతికొస్తే గోడౌన్‌లో ఊరికి ఊరే సెట్టు వేయిస్తాడు. అందులో తన వేషం ఒకడికి, ఆ వేషగాడి వేషం ఇంకొకడికి. మా తిరుపతిలో గంగజాతర చూస్తూ పెరిగినవాళ్లకి ఇదేమంత వింత కాదు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... రోజుకో వేషం. చీర కట్టి వచ్చిన మనిషి మన వీధివాడేనని తెలిసినా ఆ పూట పేరు పెట్టి పిలవబుద్ధి కాదు. కానీ జాతర వేషం జాతరతో తీసేస్తారు. కేడెన్ సెట్లో వేషం తీసేవాళ్లు లేరు, నాకు బెంగ పుట్టింది అక్కడే.

దీన్ని మర్నాడే మళ్లీ చూడొద్దు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు, మండుతున్న ఇల్లు కొనుక్కుని అందులోనే ఉండే హేజల్ తప్ప నాకేమీ గుర్తు లేదు. పదేళ్ల తర్వాత, మా నాయన పోయిన ఏడాది మళ్లీ చూశాను. మొదట్లోనే ఇంట్లో టిఫిన్ సీను ఒకటుంది. మామూలు పొద్దులాగే ఉంటుంది, కానీ రేడియోలో సెప్టెంబర్ అని మొదలై, టిఫిన్ అయ్యేలోపు నవంబర్ వచ్చేసి ఉంటుంది. మొదటిసారి నా కంట పడనే లేదు. ఆ రాత్రి సినిమా ఆపి గోడ మీది స్వామి క్యాలెండర్ వైపు చూశాను. ఎవరూ కాగితం తిప్పలేదు, నాలుగు నెలల వెనకే ఉంది. గళ్లలో నాయన చేతిరాతతో మందులు తెచ్చుకోవాల్సిన తేదీలు.

వారంలో రెండుసార్లు చూడగలిగితే మల్హాలండ్ డ్రైవ్ పెట్టుకో, పదేళ్లు ఆగగలిగితే సినెక్డకీ అని తమ్ముడికి చెప్పాను. ఇరవై ఏళ్లుగా కేడెన్ వెంట తిరిగానని తర్వాతెప్పుడో చెప్పే శామీ, మొదటి సీన్లలోనే వెనకాల నిలబడి ఉంటాడు. మూడోసారి చూసినప్పుడు గానీ నాకు దొరకలేదు. ఎక్కడన్నది మాత్రం తమ్ముడికి చెప్పలేదు, ఇక్కడా రాయను.